వంటింటిని విప్పే వరసలో సర్దండి

మేం రెండోసారి ఇల్లు మారిన రోజు రాత్రి పదిన్నరకి పాప పాల కోసం ఏడుస్తోంది. పాలున్నాయి. స్టవ్ బిగించే ఉంది. వేడి చేయడానికి గిన్నె లేదు. ఇంట్లోనే ఉంది, కానీ హాల్లో గోడవారగా పేర్చిన పంతొమ్మిది అట్టపెట్టెల్లో ఎందులో ఉందో తెలియదు. పంతొమ్మిదింటి మీదా ఒకటే మాట రాసి ఉంది: 'వంటిల్లు'.

మొదటి పెట్టెలో ఎవరైనా అతిథులొస్తే తప్ప తీయని పింగాణీ పళ్ళేలు. రెండోదాంట్లో ఖాళీ సీసాలు. మూడోది విప్పితే పైనంతా కాగితాలే, అడుగున బేకింగ్ ట్రేలు. పాప ఏడుపు పెరిగిపోతోంది. మా ఆయన ఒక పక్క, నేనొక పక్క కూర్చుని టేపును గోళ్ళతో పీకుతున్నాం, ఎందుకంటే కత్తెర కూడా ఏదో పెట్టెలోనే ఉండిపోయింది. చివరికి ఏడో పెట్టెలో చిన్న గిన్నె దొరికింది. మర్నాడు ఫోన్ చేసిన వాళ్ళందరికీ 'ఒక్క గ్లాసు కూడా పగల్లేదు, భలే సర్దాం' అనే చెప్పాను. ఆ మాట ఎంత తప్పో అర్థం కావడానికి ఇంకో రెండు ఇళ్ళు మారాల్సి వచ్చింది.

ఇల్లు మారడం గురించి ఎవరిని అడిగినా రెండు లెక్కలే చెప్తారు: ఎన్ని పగిలాయి, ఎన్ని పెట్టెలు పట్టాయి. మిగతా గదులకి ఆ లెక్కలు సరిపోతాయేమో. పడగ్గది సామాను నాలుగు రోజులు పెట్టెల్లోనే ఉన్నా ఒక దుప్పటి ఉంటే నిద్రపోవచ్చు. పుస్తకాలు నెలైనా ఆగుతాయి. వంటిల్లు మాత్రం దిగిన పూటే పనిలోకి దిగాలి, ఆకలి ఆగదు కదా. అందుకే ఇప్పుడు నేను వేరే లెక్క చూసుకుంటాను: కొత్త ఇంటి తాళం తీసిన దగ్గర్నుంచి పొయ్యి మీద మొదటి గిన్నె ఎక్కడానికి ఎంతసేపు పట్టింది? ఈ ప్రశ్న ముందు పెట్టుకుని చూస్తే సర్దే పద్ధతి అంతా మారిపోతుంది. అల్మారాలు ఖాళీ అయ్యే వరస పక్కన పెట్టి, కొత్త ఇంట్లో చెయ్యి దేనికోసం ముందు వెతుక్కుంటుందో ఆ వరసలో పెట్టెలు కట్టాల్సి వస్తుంది.

'ప్యాకర్లు వస్తారు, అన్నీ వాళ్ళే చూసుకుంటారు, నీకెందుకు టెన్షన్' అంటారు చాలామంది. ప్యాకర్ల పనితనం అంటే నాకు నిజంగా గౌరవం. నేను ఒక గ్లాసు చుట్టేలోపు వాళ్ళు నాలుగు చుట్టేస్తారు, నాకంటే గట్టిగా. కానీ వాళ్ళు అల్మారా తలుపు తీసి, పై అర నుంచి కింది అర దాకా ఉన్నది ఉన్నట్టు పెట్టెలోకి దించుతారు. రోజూ వాడే గిన్నె ఏదో, ఏడాదికోసారి తీసేది ఏదో వాళ్ళకెలా తెలుస్తుంది? పైగా పెట్టెలో ఖాళీ ఉండకూడదు కాబట్టి పెద్ద గిన్నె కడుపులో గరిటెలు, వాటి సందులో జల్లెడ, జల్లెడలో లైటర్ దూరుతాయి. పద్ధతి ప్రకారం చూస్తే అందులో తప్పేమీ లేదు. తర్వాత లైటర్ వెతుక్కునేది మనం, అంతే. అందుకే వాళ్ళు వచ్చే ముందే సామాను విడదీసి పెట్టాలి. చుట్టడం, కట్టడం, మోయడం ఎవరికైనా అప్పగించవచ్చు. విడదీయడం మాత్రం ఆ వంటింట్లో వండే మనిషే చేయాలి.

నేను ఎలా విడదీస్తానో చెప్తాను. ఇల్లు మారే తేదీకి పదిహేను ఇరవై రోజుల ముందు ఫ్రిజ్ తలుపుకి ఒక కాగితం అంటిస్తాను. మూడు రోజుల పాటు వంటింట్లో ఎవరి చెయ్యి ఏ వస్తువు మీద పడినా దాని పేరు అందులో రాయాలి. మళ్ళీ వాడితే పేరు పక్కన ఒక గీత. మొదటిసారి ఇలా చేసినప్పుడు మూడో రోజు రాత్రికి ముప్పై చిల్లర పేర్లు తేలాయి. మా వంటింట్లో చిన్నా పెద్దా కలిపి వస్తువులు మూడొందలకి తక్కువుండవు. ఆ కాగితం ముందు చాలాసేపు నిలబడిపోయాను. రోజూ మమ్మల్ని నడిపిస్తున్నవి ఆ ముప్పై వస్తువులే. ఇన్నేళ్ళూ ఇల్లు మారిన ప్రతిసారీ వాటిని మిగతా రెండొందల డెబ్బైలో కలిపేసి పోగొట్టుకుంటున్నాం.

గీతలు బాగా పడ్డవి 'మొదటి రాత్రి'. ఒకటో రెండో పడ్డవి 'మొదటి వారం'. కాగితం ఎక్కనివన్నీ 'తర్వాత'. ఈ తర్వాత సామానుని రోజుకో పెట్టె చొప్పున ముందునుంచే కట్టేసుకోవచ్చు, వంట ఒక్క పూట కూడా ఆగదు. చివరి రోజు హడావిడిలో సగం అక్కడే తీరిపోతుంది.

దీనికి మూలం నా కంటే చాలా పాతది. 1926లో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ నగరంలో కట్టే కొత్త ఇళ్ళ కోసం మార్గరెటె షుట్టె-లిహోట్స్కీ అనే ఆర్కిటెక్ట్ ఒక బుల్లి వంటిల్లు డిజైన్ చేశారు. వెడల్పు సుమారు 1.9 మీటర్లు, పొడవు 3.4 మీటర్లు. అందులో పంచదార, బియ్యం లాంటి వాటికి చిన్న అల్యూమినియం సొరుగులు వరసగా ఉండేవి, ఒక్కోదాని మీద లోపల ఏముందో పేరు ఉండేది. అటూ ఇటూ తిరగకుండా నిలబడ్డ చోటి నుంచే అన్నీ అందాలని ఆవిడ పట్టుదల. అమెరికాలో లిలియన్ గిల్‌బ్రెత్ దాదాపు అదే కాలంలో వంట చేసేవాళ్ళు వేసే అడుగులు లెక్కపెట్టి, పని ఎక్కడ జరుగుతుందో వస్తువు అక్కడే ఉండాలని వాదించారు. ఇద్దరూ గమనించింది వండే మనిషి చెయ్యి ఎప్పుడు ఎటు వెళ్తుందనే. ఇల్లు మారే రోజుల్లో మనకి అట్టపెట్టే అల్మారా. దానికి మాత్రం ఈ ఆలోచన ఎందుకు వర్తించకూడదు?

మొదటి రాత్రి సామాను నేను అట్టపెట్టెలో పెట్టను, మూతున్న ప్లాస్టిక్ టబ్బులో పెడతాను. అన్ని పెట్టెల మధ్యా దూరం నుంచే కనిపిస్తుంది, కొత్త ఇంట్లో సింకు మొరాయిస్తే అందులోనే గిన్నెలు కడుక్కోవచ్చు. ఒక చిన్న గిన్నె, ఒక బాణలి, రెండిటికీ సరిపోయే ఒకే మూత. ఇంట్లో ఎంతమందో అన్ని పళ్ళేలు, గ్లాసులు, చెంచాలు, అన్నీ పగలనివే. గరిటె, పట్టకారు, లైటర్, ఒక కత్తి, చిన్న చాపింగ్ బోర్డు. ఉప్పు, పంచదార, నూనె బుల్లి సీసాల్లో. గిన్నెల సబ్బు, కొత్త పీచు, రెండు తువ్వాళ్ళు, చెత్త సంచులు. టబ్బు లారీ ఎక్కదు, మనతోనే వస్తుంది. లారీ ఆలస్యం కావచ్చు, సామాను దించడం అర్ధరాత్రి దాటొచ్చు. కత్తెర మాత్రం టబ్బులో కూడా పెట్టను, నా హ్యాండ్‌బ్యాగ్‌లోనే ఉంటుంది.

ఇక పగిలే సామాను. ఇక్కడ కాస్త నిదానంగా చెప్పాలి, ఎందుకంటే పళ్ళేలను ఒకదాని మీద ఒకటి పడుకోబెట్టి కట్టేవాళ్ళే ఇప్పటికీ ఎక్కువ. గాజు, పింగాణీ నొక్కుడుని బాగా తట్టుకుంటాయి, వంపుని తట్టుకోలేవు. పడుకోబెట్టిన దొంతరలో అడుగు పళ్ళెం పైవాటి బరువంతా మోస్తుంటుంది. లారీ చక్రం గుంతలో పడగానే ఆ బరువు ఒక్కసారిగా దిగి పళ్ళేన్ని మధ్యలో వంచబోతుంది, పగులు అక్కడ మొదలవుతుంది. అంచు మీద నిలబెట్టిన పళ్ళెంలో అదే కుదుపు నిలువునా అంచు నుంచి అంచుకి పోతుంది. నమ్మకం కుదరకపోతే ఒక పల్చటి బిస్కట్‌ను రెండు పుస్తకాల మీద వంతెనలా పెట్టి మధ్యలో వేలితో నొక్కండి, పుటుక్కున విరుగుతుంది. నిలబెట్టి అంచు మీద నొక్కి చూడండి, ఎంత గట్టిగా ఆగుతుందో.

చుట్టేటప్పుడు టేబుల్ మీద తెల్ల కాగితాల దొంతర పెట్టుకోండి. అచ్చేసిన న్యూస్ పేపర్ సిరా వదులుతుంది, అక్కడికెళ్ళాక అన్నీ మళ్ళీ కడగాలి. పళ్ళేన్ని దొంతర మీద ఒక మూలకి కాస్త దగ్గరగా పెట్టి, ఆ మూల నుంచి రెండు కాగితాలు ఎత్తి పళ్ళెం మీదకి మడవండి. దాని మీద రెండో పళ్ళెం, మళ్ళీ రెండు కాగితాలు. మూడో పళ్ళెం పెట్టాక రెండు పక్కలా మూలలు లోపలికి మడిచి, మొత్తాన్ని చివరి మూలదాకా దొర్లించుకుంటూ చుట్టేయండి. ఒక చిన్న టేపు ముక్క చాలు, అదీ కాగితానికే, పళ్ళేనికి తగలకుండా. పెట్టె అడుగున నలిపిన కాగితం నాలుగు వేళ్ళ మందాన పరిచి, ఈ మూటలను అరలో పుస్తకాల్లా నిలబెట్టాలి. మడతపెట్టిన కాగితం చదునుగా పడి ఉంటుంది, కుదుపుని ఆపదు. ఉండలా నలపాలి, కానీ మరీ రాయిలా కాదు. పక్కల్లో, పైన, సందుల్లో అదే ఉండలు కూరాలి. మూతకి టేపు వేసే ముందు పెట్టెను రెండు చేతులతో పట్టుకుని మెల్లగా ఊపండి. నేనైతే చెవి ఆనించి వింటాను. చిన్న టిక్కుమన్న చప్పుడు వినిపించినా, విప్పి ఇంకో రెండు ఉండలు కూరితే గానీ నాకు తృప్తి ఉండదు.

కప్పుల్లో పగిలేది ముందు పిడి. అందుకే పిడికి విడిగా ఒక కాగితం చుట్టి, ఆ తర్వాత కప్పంతా చుట్టాలి. గ్లాసులు ఒకదానిలో ఒకటి దూర్చొద్దు. లోపల కాగితం కూరి, నిలబెట్టి, పెట్టెలో అన్నిటికంటే పై వరసలో ఉంచండి.

బబుల్ ర్యాప్ గురించి కూడా ఒక మాట. 1957లో ఆల్ఫ్రెడ్ ఫీల్డింగ్, మార్క్ షవాన్ అనే ఇద్దరు అమెరికాలో కొత్తరకం వాల్‌పేపర్ తయారు చేయబోతే పుట్టిన వస్తువది. ప్యాకింగ్‌కి పనికొస్తుందని తర్వాత తేలింది. మంచిదే, కానీ ఎంత పొదుపుగా వాడితే అంత నయం, గాజు మూతలకీ కాడ గ్లాసులకీ చాలు. ఇంట్లో తువ్వాళ్ళు, దుప్పట్లు, స్వెటర్లు ఎలాగూ కొత్త ఇంటికి రావాలి, వాటినే మెత్తలుగా వాడుకోవచ్చు. చిరిగిపోయిన పాత అట్టపెట్టెల్ని కూడా పారేయకండి. అలలు అలలుగా మడిచిన అట్టకి 1871లో న్యూయార్క్‌లో ఆల్బర్ట్ జోన్స్ పేటెంట్ తీసుకున్నదే సీసాలు, దీపపు చిమ్నీలు చుట్టడానికి. ఆ అట్టను పట్టీలుగా కోసి సీసా చుట్టూ తిప్పితే ఇప్పటికీ దాన్ని మించింది లేదు.

కత్తుల దగ్గర ఎవరైనా అశ్రద్ధ చేస్తే నాకు కోపం వస్తుంది. మూడో ఇంట్లో గరిటెల పెట్టె విప్పుతూ లోపలికి చెయ్యి పెట్టిన మా అక్క బొటనవేలు లోతుగా తెగింది. కాగితంలో చుట్టిన కత్తి దారిలో జారి, మొన కాగితం చీల్చుకుని బయటికొచ్చి ఉంది. ఆ కత్తిని చుట్టింది నేనే. నాలుగు కుట్లు పడ్డాయి, నెల రోజులు అక్క కలం పట్టుకోలేకపోయింది. ఇప్పుడు ప్రతి కత్తికీ మందపాటి అట్ట మడిచి ఒర చేస్తాను, మొన వైపు అట్టను మడిచి టేపుతో మూసేస్తాను. కత్తులన్నీ తువ్వాల్లో చుట్టి, పిడులు ఎటున్నాయో తువ్వాలు మీద బాణం గుర్తు వేస్తాను. మిక్సీ బ్లేడ్లకీ తురుముడు పీటకీ ఇదే జాగ్రత్త.

బరువు సంగతి చాలామంది పెట్టె ఎత్తాకే గుర్తు తెచ్చుకుంటారు. అమెరికాలో పనిచేసేవాళ్ళ భద్రతను పరిశోధించే నియోష్ అనే సంస్థ 1991లో సవరించిన లెక్క ప్రకారం, అన్నీ అనుకూలంగా ఉన్నా ఒక మనిషి ఎత్తే బరువు 23 కిలోలు దాటకూడదు. అన్నీ అనుకూలం అంటే బరువు ఒంటికి దగ్గరగా ఉండాలి, నడుము తిప్పకూడదు, పట్టు బాగా దొరకాలి. మెట్లెక్కేటప్పుడు ఇవేవీ కుదరవు. నా హద్దు 15 కిలోలు. ఇనప పెనాలు, మిక్సీ మోటారు, పింగాణీ చిన్న పెట్టెల్లోకి వెళ్ళాలి, ప్లాస్టిక్ డబ్బాలు, జల్లెడలు లాంటి తేలికవి పెద్ద పెట్టెల్లోకి. పెట్టెను పొంగిపోయేలా కుక్కితే పక్కలు ఉబ్బి బలం పోతుంది, సగం ఖాళీగా వదిలితే పైన ఇంకో పెట్టె పడగానే అణిగిపోతుంది. తడిసిన అట్టను అసలు నమ్మొద్దు.

ఏవి తీసుకెళ్ళకూడదు అనే చోట నాకు చాలామందితో పేచీ. 'ఏడాదిగా వాడలేదంటే పారెయ్' అన్న సూత్రం బట్టలకి పనికొస్తుందేమో, వంటింటికి పనికిరాదు. ఇల్లంతా చుట్టాలతో నిండినప్పుడు తీసే పెద్ద గిన్నెను ఏడాదికోసారే తీస్తాం, ఆ రోజు అది లేకపోతే గడవదు. నేను అడిగే ప్రశ్న వేరు: ఇది కనిపించకపోతే వెతుకుతానా? పెద్ద గిన్నె కోసం వెతుకుతాను. మూత పోయిన ఆరు డబ్బాల కోసం వెతకను. అందుకే సర్దడం మొదలుపెట్టే రోజు డబ్బాలన్నీ నేల మీద పరిచి, ఒక్కోదానికీ మూత తొడిగి చూస్తాను. జత దొరకనివి అక్కడే ఆగిపోతాయి. గంటసేపు పట్టే పని, మొత్తం సర్దుడులో నాకు అన్నిటికంటే ఇష్టమైన గంట. తొడిగి చూశాక మళ్ళీ విడదీయకండి. మూతలన్నీ ఒక పెట్టె, డబ్బాలన్నీ ఇంకో పెట్టె అన్నారంటే కొత్త ఇంట్లో ఆ గంట మళ్ళీ పడుతుంది.

చిన్న విడిభాగాలదీ అదే గొడవ. కుక్కర్ వెయిట్, మిక్సీ జార్ రబ్బరు, మైక్రోవేవ్ గాజు పళ్ళెం కింద తిరిగే చక్రం, ఇవన్నీ ఒక జిప్ కవర్‌లో వేసి 'మొదటి రాత్రి' టబ్బులో పెట్టేయండి. కుక్కర్ చేతికొచ్చినా వెయిట్ దొరక్కపోతే ఏం లాభం?

తిండి సరుకులు మోసే కంటే ముందే తినేయడం మేలు. చివరి రెండు వారాలు కొత్తగా ఏదీ కొనకుండా ఉన్నదే వండుకుంటే సగం డబ్బాలు వాటంతటవే ఖాళీ అవుతాయి. మిగిలిన నూనె సీసా మూత తీసి, మూతి మీద పల్చటి ప్లాస్టిక్ కాగితం పరిచి, దాని మీద మూత బిగించండి, కారదు. ఫ్రిజ్‌ను ముందు రోజే ఆపేసి, మంచు కరగనిచ్చి, తుడిచి ఆరబెట్టాలి. తీసుకెళ్ళేటప్పుడు నిలువుగానే ఉండాలి, పడుకోబెడితే కంప్రెసర్‌లోని నూనె పైపుల్లోకి జారుతుంది. పాడయ్యే తిండి బయట రెండు గంటలు దాటి ఉంటే మాత్రం మొహమాటం లేకుండా పారేయండి. గ్యాస్ సిలిండర్, స్ప్రే డబ్బాలు, అగ్గిపెట్టెలు సామాన్ల లారీలో పెట్టకూడదు. ఇల్లు శుభ్రం చేసే మందుల్లో బ్లీచ్‌ను అమోనియా ఉన్నవాటితో గానీ యాసిడ్‌తో గానీ ఒకే పెట్టెలో పెట్టొద్దు. అవి కారి కలిస్తే విషవాయువు పుడుతుంది.

లేబుల్ పెట్టె పైన రాస్తే దాని మీద ఇంకో పెట్టె పడగానే కనిపించదు. రెండు పక్కలా రాయాలి. 'గిన్నెలు' అని రాయడం కంటే 'పొద్దున టీ కాఫీ', 'రోజువారీ వంట', 'చుట్టాలొస్తే' అని పనిని బట్టి రాస్తే, విప్పే మనిషికి ఏది ముందో అడగకుండానే తెలుస్తుంది. వీలైతే ఒకరోజు ముందు కొత్త వంటింటికి వెళ్ళి అల్మారా తలుపుల మీద చిన్న కాగితాలు అంటించండి, ఏ అరలో ఏ పెట్టె సామాను వెళ్ళాలో రాసి. సాయం చేయడానికి వచ్చినవాళ్ళు 'ఇదెక్కడ పెట్టాలి' అని ప్రతిదానికీ పిలవరు.

అయితే ఆ అమరికను మొదటి రోజే ఖాయం చేసేసుకోకండి. మొదటి వారం సామాను మాత్రమే అరల్లోకి ఎక్కించి, నాలుగైదు రోజులు వండి చూడండి. కొత్త వంటింట్లో సింకు ఎడమ చేతి వైపుకి రావచ్చు, స్టవ్ కిటికీకి దగ్గరగా ఉండొచ్చు, పాత ఇంటి అలవాటు ఇక్కడ కుదరకపోవచ్చు. చెయ్యి ఎక్కడికి పోతోందో తెలిశాక 'తర్వాత' పెట్టెలు విప్పితే వాటికి చోటు అదే దొరుకుతుంది.

పోయిన నెలలో ఆరోసారి ఇల్లు మారాం. సామాన్ల లారీ రాత్రి తొమ్మిదికి గానీ రాలేదు. అప్పటికి మేం టబ్బు విప్పి, వేడివేడిగా తినేసి, తిన్న గిన్నెలు అదే టబ్బులో కడిగి బోర్లించాం కూడా. అప్పట్లో పాల కోసం ఏడ్చిన పాపే ఇప్పుడు పెట్టెల మీద లేబుళ్ళు రాసింది, నాకంటే గుండ్రంగా. ఖాళీ అయిన పెట్టెల్ని విప్పి చదును చేసి పక్కింటావిడకి ఇచ్చాను, వచ్చే నెల వాళ్ళు ఇల్లు మారుతున్నారు. ఇచ్చే ముందు కూర్చుని, ప్రతి పెట్టె మీదా రెండు పక్కలా మా పాత రాతలు మార్కర్‌తో కొట్టేశాను.